మెక్సికో సిటీలో ఇల్లు వెతుక్కునే ముందు

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. ఆఫీసు సాంతా ఫేలో, ఇల్లు కొండేసాలో అనుకుంటున్నామని రాశావు. కోడలు ఫోటోలు కూడా పంపింది. ఆ చెట్లూ, బాల్కనీలూ చూస్తే ఎవరికైనా మనసవుతుంది. నేనక్కడ ఉన్న రోజుల్లో షికారుకి అటే వెళ్ళేవాణ్ణి. కానీ కాపురానికి అంత తొందరపడకండి. ముందు ఒక నెల ఫర్నిచర్ ఉన్న గదేదైనా తీసుకుని, ఊళ్ళో తిరిగాకే ఏడాది అగ్రిమెంట్ మీద సంతకం పెట్టండి.

ఆ ఊళ్ళో మొదట చూడాల్సింది నేల. ఊరి నడిమి భాగమంతా ఒకప్పుడు టెస్కోకో సరస్సు. దాన్ని ఎండగట్టి కట్టిన ఊరు కాబట్టి కింద మెత్తటి బంకమన్ను. భూకంపం ఎక్కడో పసిఫిక్ తీరంలో పుట్టినా, ఆ మట్టిలోకి వచ్చేసరికి ఊపు పెరుగుతుంది. 1985 సెప్టెంబర్ 19న జరిగింది అదే. 2017లో సరిగ్గా అదే తేదీన మళ్ళీ వచ్చింది. అప్పుడు రోమా, కొండేసా, డెల్ వాయే, నార్వార్తే కాలనీల్లో భవనాలు కూలాయి. పడమటి కొండల వైపు వెళ్ళేకొద్దీ నేల గట్టిపడుతుంది. దక్షిణాన పెద్రెగాల్ అయితే ఏకంగా లావా రాతి మీదే ఉంది. అలాగని మెత్తటి నేల మీద ఎవరూ ఉండకూడదని కాదు, లక్షల మంది ఉంటున్నారు. ఉండేవాళ్ళు బిల్డింగ్ చూసుకుని ఉండాలి.

ఎప్పుడు కట్టారో అడుగు. 1985 తర్వాత నిబంధనలు బాగా బిగించారు. 2017 తర్వాత ఇంజనీరు తనిఖీ చేసిన రిపోర్టు ఉంటే చూపించమను. ఇది అడిగితే అక్కడెవరూ తప్పు పట్టరు. అన్నిటికన్నా ముందు పార్కింగ్‌లోకి దిగు. కింద గోడల్లేకుండా ఉత్త స్తంభాల మీదే పైన ఐదారు అంతస్తులు నిలబెట్టారా? స్తంభాల మీద పగుళ్ళున్నాయా, అక్కడక్కడా కొత్త సున్నం మెరుస్తోందా? బయటికొచ్చి పక్క బిల్డింగ్ ఏమైనా వాలిందేమో చూడు. నగర ప్రభుత్వం వాళ్ళ రిస్క్ మ్యాప్ ఇంటర్నెట్‌లోనే ఉంది, అందులో ఆ వీధి ఎలాంటి నేల మీద ఉందో తెలిసిపోతుంది. చంటిపిల్లతో పై అంతస్తు వద్దు. వీధి స్తంభాలకున్న స్పీకర్లలో భూకంపం అలారం మోగితే బయటపడ్డానికి ఒక్కోసారి నిమిషం దొరుకుతుంది, ఒక్కోసారి ఏమీ దొరకదు.

తర్వాత నీళ్ళు. హైదరాబాద్‌లో టాంకర్ల కోసం కాచుకున్నవాడివి, నీకు చెప్పాలా? మార్చి నుంచి మే దాకా అక్కడా అదే టెన్షన్. ఇస్తపలాపా వైపు మరీ ఎక్కువ, కానీ మంచి కాలనీలకూ తప్పదు. 2024 ఏప్రిల్‌లో బెనితో హువారెస్ ప్రాంతంలో కుళాయి నీళ్ళు పెట్రోలు వాసన కొడుతున్నాయని జనం రోడ్డెక్కారు. డెల్ వాయే, నార్వార్తే అందులోవే. కాబట్టి ఓనర్ని కాదు, వాచ్‌మన్‌ని అడుగు: సంపు ఎంత, వారానికి ఎన్ని రోజులు నీళ్ళొస్తాయి, టాంకర్ తెప్పిస్తే డబ్బులెవరివి అని. తాగడానికి ఎటూ ఇరవై లీటర్ల క్యానే. లిఫ్టు లేకపోతే దాన్ని మోసేది నువ్వే.

ఇక ఆఫీసు. సాంతా ఫే ఊరికి పడమట కొండల మీద ఉంది, అక్కడిదాకా మెట్రో లేదు. సాయంత్రం వాన పడిందంటే కొండ దిగే రోడ్లన్నీ ఆగిపోతాయి, మే నుంచి అక్టోబర్ దాకా ఆ వాన తరచూ పడుతుంది. ఇల్లు చూడ్డానికి ఆదివారం పొద్దున కాకుండా, పనిరోజు సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళు. ఎంతసేపు పడుతుందో నీకే తెలుస్తుంది. నన్నడిగితే సాన్ పెద్రో దె లోస్ పీనోస్ గానీ మిస్కోఆక్ గానీ చూడమంటాను. రెండు చోట్లా ఏడో లైను మెట్రో ఉంది, సాంతా ఫే వెళ్ళే దారికి దగ్గర. ఫోటోల్లో కొండేసా అంత అందంగా ఉండవు, అది నిజం. పోలాంకోలో మన ఎంబసీ ఉంది కదా అని అక్కడే వెతకొద్దు, ఏడాదికోసారి పని పడే చోటికి అంత అద్దె దేనికి?

ఆ వీధిలో వారపు సంత పెడతారేమో కనుక్కో. పెడితే ఆ రోజు తెల్లవారకముందే గుడారాలు వేసేస్తారు, కారు బయటికి రాదు. కూరగాయలు మాత్రం గుమ్మంలోకే వస్తాయి. ఎండబెట్టిన ఎర్రటి గోంగూర పూలు అమ్ముతారు, వాళ్ళు షర్బత్ చేసుకుంటారు, కోడలు పచ్చడి చేసి చూడొచ్చు. పాత సామాన్లు కొనే బండి రికార్డు పెట్టుకుని రోజూ తిరుగుతుంది, రోడ్డు వైపు బెడ్‌రూమ్ అయితే పాప మధ్యాహ్నం నిద్ర మర్చిపోవాల్సిందే. చలికాలం ఇళ్ళల్లో హీటర్లుండవు, ఎండ పడే గది చూసుకోండి.

అద్దెకిచ్చేవాళ్ళు అదే ఊళ్ళో సొంతిల్లున్నవాళ్ళ హామీ అడుగుతారు. కొత్తగా వచ్చినవాళ్ళకి అదెక్కడ దొరుకుతుంది? దానికి బదులు కంపెనీ లెటర్, లేదా డబ్బు కట్టి తీసుకునే హామీ పాలసీ ఒప్పుకుంటారేమో మొదటి ఫోన్‌లోనే తేల్చుకో. అద్దె డాలర్లలో చెప్పే ఓనర్‌తో బేరం పెట్టుకోకు, పెసోల్లోనే రాయించు. విదేశీయుల వల్ల అద్దెలు పెరిగిపోయాయని 2025 జూలైలో రోమా, కొండేసాల్లో ఊరేగింపులే జరిగాయి. వాళ్ళ కోపంలో న్యాయముంది.

ఇల్లు ఖాయం చేసుకునే ముందు నాకు వీడియో పంపు. హాలు, వంటిల్లు కోడలు చూసుకుంటుంది, నువ్వు పార్కింగూ, నీళ్ళ సంపూ తీసి పంపు.

మీ బాబాయ్