ప్యానెల్ పోయిందని డబ్బు కట్టే ముందు ఒకసారి మూత కదిపి చూడండి

మీ అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, లాప్‌టాప్ కొని నాలుగేళ్లు. నెల రోజులుగా తెర మినుకుమంటోంది, ఒక్కోసారి మొత్తం నల్లబడిపోతోంది, మూత కాస్త వెనక్కి వంచితే మళ్లీ వస్తోంది. షాపువాళ్లు ప్యానెల్ (బొమ్మ కనిపించే తెర పలక) పోయిందని, తొమ్మిది వేలు అవుతుందని చెప్పారు. బాగు చేయించాలా, కొత్తది కొనాలా అని అడిగారు.

అండీ, ఆ తొమ్మిది వేలు ఇప్పుడే కట్టకండి. మీరు రాసినదాంట్లో అన్నిటికన్నా విలువైన మాట "మూత వంచితే వస్తోంది" అన్నది. ప్యానెల్ పాడైతే సాధారణంగా మూత ఎలా పెట్టినా ఆ లోపం అలాగే కనిపిస్తుంది. మూత కదిలినప్పుడల్లా బొమ్మ వచ్చి పోతోందంటే ముందు అనుమానించాల్సింది తెరకు బొమ్మని తీసుకెళ్లే డిస్‌ప్లే కేబుల్‌ని.

నేను దీన్ని డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నాను. 2021లో నా లాప్‌టాప్‌కి అచ్చం ఇదే వచ్చింది. అప్పుడు హనుమకొండలో ఉంటున్నాను, ఇంటి నుంచే ఉద్యోగం, ఒక్క రోజు ఆగినా టెన్షన్. దగ్గర్లోని షాపులో ప్యానెల్ అన్నారు, 6,800 కట్టాను. మూడు వారాలు బాగానే పనిచేసింది. తర్వాత మళ్లీ అదే మినుకు. చివరికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) తీసుకెళ్లాను. అక్కడ పనిచేసే ఒకాయన తెర చుట్టూ ఉండే చట్రం (బెజెల్) విప్పి, కేబుల్ మూత కీలు (హింజ్) దగ్గర నలిగి పైపొర లేచిపోయిన చోటు చూపించారు. కొత్త కేబుల్‌తో కలిపి 1,200 అయింది. అంటే నా పాత ప్యానెల్ మంచిదే. దాన్ని వెనక్కి అడిగి తీసుకోలేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కేబుల్ ఎందుకు పాడవుతుందంటే, మదర్‌బోర్డు (లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు) నుంచి తెరకు వెళ్లే ఆ సన్నని తీగల కట్ట హింజ్ పక్కగానే పోతుంది. మూత తెరిచిన ప్రతిసారీ, మూసిన ప్రతిసారీ అదే చోట వంగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి తీగలు ఒక్కొక్కటే తెగుతాయి. వాటిలో కొన్ని బొమ్మని మోస్తాయి, కొన్ని వెనక వెలిగే బ్యాక్‌లైట్‌కి కరెంటు ఇస్తాయి. అందుకే ఒకరోజు గీతలు, ఇంకోరోజు చీకటి. ఇది చవక లాప్‌టాప్‌లకే వచ్చే జబ్బు కూడా కాదు. 2016 నాటి 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోల్లో బ్యాక్‌లైట్ సమస్యలు వస్తే, 2019లో యాపిల్ సంస్థే వాటిని ఉచితంగా బాగు చేసే కార్యక్రమం ప్రకటించింది. అక్కడా మూత తెరిచి మూస్తుంటే అరిగిపోయే సన్నని కేబుల్ గురించే రిపేరు చేసేవాళ్లు చెప్పారు.

ఇక ఇంట్లో అరగంటలో చూసుకోగలిగినవి చెబుతాను, ఏ స్క్రూ విప్పక్కర్లేదు.

ముందు హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి తగిలించండి. లాప్‌టాప్ తెర మినుకుమంటున్నప్పుడు కూడా టీవీలో బొమ్మ నిలకడగా ఉంటే బోర్డు, గ్రాఫిక్స్ చాలావరకు క్షేమం. టీవీలోనూ అవే గీతలు వస్తే సమస్య బోర్డు వైపో, డ్రైవర్ (గ్రాఫిక్స్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వైపో ఉన్నట్టు. టీవీ అందుబాటులో లేకపోతే, గీతలు కనిపిస్తున్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కి పంపుకోండి. ఫోన్‌లో చూసినప్పుడు కూడా గీతలుంటే అవి లోపల తయారవుతున్నాయి. ఫోన్‌లో శుభ్రంగా ఉంటే బొమ్మ బాగానే బయల్దేరి, కేబుల్‌లోనో ప్యానెల్‌లోనో చెడుతోంది. నేను ఎవరికైనా మొదట చెప్పేది ఈ చిట్కానే.

తర్వాత బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందే వచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్లండి. ఆన్ చేస్తూనే ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కితే వస్తుంది, కంపెనీని బట్టి మారుతుంది. అక్కడ ఏ సెట్టింగూ మార్చకుండా పది నిమిషాలు అలాగే ఉంచండి. విండోస్ ఇంకా మొదలే కాలేదు కాబట్టి అక్కడా మినుకుమంటే విండోస్‌దీ డ్రైవర్‌దీ తప్పు లేదు. ఆ తెర మీదే మూతని నెమ్మదిగా ముందుకీ వెనక్కీ కదపండి. ఒక కోణంలో చెడి, ఇంకో కోణంలో బాగుంటే కేబుల్ గానీ దాని కనెక్టర్ గానీ అని నేను దాదాపు ధైర్యంగా చెబుతాను. డెల్ అయితే ఇంకో సౌకర్యం ఉంది. డి మీట నొక్కిపట్టి పవర్ బటన్ నొక్కితే చాలా మోడళ్లలో తెర తనని తాను పరీక్షించుకుంటూ తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు వరసగా చూపిస్తుంది.

తెర పూర్తిగా నల్లబడినప్పుడు గదిలో లైటు ఆర్పి, ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి. ఐకాన్లు లీలగా కనిపిస్తే బొమ్మ ఉంది, బ్యాక్‌లైట్ మాత్రమే లేదు. ఓఎల్ఈడీ తెరల్లో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, బ్యాక్‌లైటే ఉండదు కాబట్టి వాటికి ఈ పరీక్ష పనికిరాదు. ఆ సమయంలో ఏదైనా పాట పెట్టి ఉంచండి. తెరతో పాటు పాట కూడా ఆగిపోతే లాప్‌టాప్ నిద్రలోకి వెళుతోందని అర్థం. మూత మూశామో లేదో కనిపెట్టే సెన్సర్ అయస్కాంతంతో పనిచేస్తుంది. అయస్కాంతం ఉన్న ఫోన్ కవరు గానీ వాచీ పట్టీ గానీ కీబోర్డు దగ్గర ఉన్నా, మూత మూశామనుకుని అది మోసపోతుంది.

నిజంగా ప్యానెల్ పోతే ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. పై నుంచి కింద దాకా ఒకే చోట కదలని గీత, సిరా ఒలికినట్టు పరుచుకునే నల్ల మచ్చ, ఒక పక్క మాత్రమే తెల్లబడటం. మా చెల్లెలు కీబోర్డు మీద ఇయర్‌ఫోన్స్ మరిచిపోయి మూత మూసేసింది. తెరిచేసరికి సిరా మచ్చ. దానికి ప్యానెల్ మార్చడం తప్ప దారి లేదు, మార్పించాం, ఆ లాప్‌టాప్ ఇంకా వాడుతోంది.

ఇక మీ అసలు ప్రశ్న. తేలింది కేబుల్ అయితే ఆలోచించనే అక్కర్లేదు, వెంటనే చేయించండి. ప్యానెల్ అయితే లాప్‌టాప్‌లో మిగతా వస్తువు ఎలా ఉందో చూడాలి. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉండి, బ్యాటరీ రెండు గంటలైనా వస్తుంటే మామూలు 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ప్యానెల్ మార్పించడం దండగ కాదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసింది కాబట్టి విండోస్ 11 నడుస్తుందో లేదో కూడా చూడండి. నాలుగేళ్ల లాప్‌టాప్ అంటే సాధారణంగా నడుస్తుంది. అలాంటిదే పాత లాప్‌టాప్ ఇప్పుడు ఎంతకు దొరుకుతుందో కనుక్కుని, రిపేరు అందులో సగం దాటితే నేనైతే ఆగిపోతాను. టచ్ తెరలు, ఓఎల్ఈడీ తెరలు చాలాసార్లు ఆ సగం హద్దు దాటేస్తాయి. టీవీలోనూ గీతలు వచ్చి, తప్పు మదర్‌బోర్డుదని తేలితే మాత్రం ఆ డబ్బు కొత్తదానికి దాచుకోండి.

హింజ్ బిగుసుకుపోయి ఉందా, మూత తెరుస్తుంటే కింద ప్లాస్టిక్ లేస్తోందా చూడండి. అది సరిచేయకుండా కొత్త కేబుల్ వేసినా అదే చోట మళ్లీ నలుగుతుంది.

షాపులో మొదట కేబుల్ తీసి, శుభ్రం చేసి, గట్టిగా పెట్టి చూడమనండి. కేబుల్ తీసే ముందు లోపల బ్యాటరీ కనెక్టర్ తీయమని తప్పకుండా చెప్పండి. కరెంటు ఉండగా ఆ కేబుల్ తీసి పెడితే బోర్డు మీద బ్యాక్‌లైట్ ఫ్యూజ్ పోవచ్చు, చిన్న రిపేరు పెద్దదవుతుంది. ప్యానెల్ మార్చాల్సే వస్తే పాత ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద ఉన్న మోడల్ నంబరు ఫొటో తీసుకుని ఇంకో రెండు చోట్ల ధర అడగండి. కనెక్టర్ 30 పిన్నులదా 40 పిన్నులదా అన్నది కూడా సరిపోవాలి. గ్యారంటీ బిల్లు మీద రాయించుకోండి, తీసిన పాత వస్తువు అడిగి ఇంటికి తెచ్చుకోండి.

ఇవన్నిటికన్నా ముందు, ఈ రోజే, టీవీకి తగిలించి అమ్మాయి ప్రాజెక్టు ఫైళ్లు, రికార్డులు అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోమనండి. షాపులో పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వక్కర్లేదు. తెర బాగుపడిందో లేదో చూడటానికి బయోస్ తెర చాలు.