అమ్మా, ఇది కూడా రాసుకుంటావా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. యూనివర్సిటీలో సైకాలజీ చెబుతాను. ఆడ, మగ అనే తేడా పిల్లల మనసులో ఎలా నాటుకుంటుందన్నదే పదేళ్లుగా నా పరిశోధన. మా ఐదేళ్ల పాప ఇప్పుడు గులాబీ రంగు తప్ప ఇంకేదీ వేసుకోనంటోంది. కారు బొమ్మలు మగపిల్లలవట, ముట్టుకోదు. ‘అందరికీ పాఠాలు చెబుతావు, సొంత కూతురికి చెప్పుకోలేవా’ అని మావారు అంటుంటే తల ఎత్తుకోలేకపోతున్నాను. పాప మాటలు నోట్‌బుక్‌లో రాసుకునే అలవాటు ఉంది నాకు. మొన్న తనే, ‘అమ్మా, ఇది కూడా రాసుకుంటావా?’ అని అడిగింది. ప్రమోషన్ ఇంటర్వ్యూ దగ్గర పడింది. చాలా టెన్షన్‌గా ఉంది. ఈ సబ్జెక్టే వదిలేద్దామా అనిపిస్తోంది.

జవాబు: గులాబీ రంగు సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అది చిన్న విషయం. వేరే తల్లి ఎవరైనా ఇదే అడిగితే మీరు నవ్వి ధైర్యం చెప్పి పంపేవారు. తాము ఆడో మగో పిల్లలకు రెండు మూడేళ్లకే తెలిసినా, బట్టలు, ఆటలు మారినంత మాత్రాన అది మారదన్న నమ్మకం కుదిరేది ఆరేడేళ్లకని 1966లోనే అమెరికన్ సైకాలజిస్టు లారెన్స్ కోల్‌బర్గ్ రాశారు. ట్రౌట్‌నర్ అనే సైకాలజిస్టు బృందం ఒకే పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2005లో ప్రచురించిన అధ్యయనం మీకు తెలిసే ఉంటుంది. ‘ఇది ఆడపిల్లలది, అది మగపిల్లలది’ అనే ఈ పట్టుదల ఐదారేళ్లకు బాగా పెరిగి, ఆ తర్వాత సడలుతుందని అందులో తేలింది. మీ పాప సరిగ్గా ఆ వయసులోనే ఉంది.

పిల్లలు లోకాన్ని ఆడ, మగ అన్న చట్రంలో చూడడం ఎలా నేర్చుకుంటారో చెప్పే జెండర్ స్కీమా సిద్ధాంతం రాసిన సైకాలజిస్టు సాండ్రా బెమ్ కొడుకు చిన్నప్పుడు జుట్టుకు క్లిప్పులు పెట్టుకుని బడికి వెళ్తే, ‘నువ్వు అమ్మాయివే’ అని తోటి పిల్లాడు వాదనకు దిగాడట. అంతటి మనిషి ఇంట్లో ఎలా పెంచినా బడిలో మాట మరోలా ఉంది. ఇది మీవారికి చెప్పండి. అయితే వాదనలా వద్దు. పాప పడుకున్నాక, ‘ఆ మాట నన్ను బాధపెట్టింది’ అని మొదలుపెట్టండి. ఆయన వెక్కిరింపు వెనుక, మీరు పనిలో మునిగిపోయారన్న బెంగ కూడా ఉండొచ్చు. అదీ అడగండి.

నాకు దిగులు కలిగించింది నోట్‌బుక్. మీ అధ్యయనాలకు వచ్చే పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తీసుకుంటారు, పిల్లల ఇష్టమూ కనుక్కుంటారు. వద్దంటే అక్కడితో ఆపేస్తారు. మీ పాపను మాత్రం ఎవరూ అడగలేదు. తాను ఏమన్నా అమ్మ కాగితం మీదకు ఎక్కుతుందని ఆ పిల్లకు తెలిసిపోయింది. ఇక మాట్లాడే ముందు ఆలోచించుకుంటుంది. ఐదేళ్ల పిల్ల అమ్మ దగ్గర అలా జాగ్రత్తపడకూడదు. మీ మీద కోపంతో అనడం లేదు. పిల్లలంటే ఇష్టం లేనివాళ్లు ఇన్నేళ్లు ఈ పని చేయలేరు. కానీ ఇంట్లో మీరు పరిశోధకురాలు కాదు. ఆ గౌను వేసుకుని తిరుగుతుంటే బాగుందని చెప్పండి, అంతే. కారు బొమ్మలు ఎక్కడున్నవి అక్కడే ఉండనివ్వండి.

ఇంటర్వ్యూలో చూసేది మీ పేపర్లు, మీ బోధన. పాప గౌన్ల గురించి అక్కడ ఎవరూ అడగరు. సబ్జెక్టు వదలాలా వద్దా అన్నది ఇంటర్వ్యూ అయ్యాక, మనసు కుదుటపడ్డాక ఆలోచించండి.

ఈ వారంలో ఒకరోజు ఆ నోట్‌బుక్ పాప ముందు పెట్టి, అందులో ఏముందో చదివి వినిపించండి. ఉంచుదామా, చింపేద్దామా అని అడగండి. చింపేయమంటే ఇద్దరూ కలిసి చింపేయండి.