నిద్రపోతున్నవాడి ఓటు ఎటు పడింది?

కాకినాడ

నాయనా,

నీ స్క్రిప్టు చేరింది. దానికి గుచ్చి పంపిన ఉత్తరమే ముందు చదివాను. అందులో ఒక వాక్యం దగ్గర ఆగి, కాగితాలు పక్కన పెట్టేశాను. "చిన్న చిన్న లాజిక్ తప్పులు ఉండొచ్చు మాస్టారూ, బీబీసీ వాళ్ళే చంద్రుణ్ణి గుడ్డుగా చూపించారు, వాళ్ళని ఎవరూ అడగలేదు, మనల్ని ఎవరడుగుతారు?" అని రాశావు. వాళ్ళనీ అడిగారు. నిన్ను నేను అడుగుతున్నాను.

ఆ ఎపిసోడ్ నేనూ చూశాను. బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ 'డాక్టర్ హూ'లో 'కిల్ ద మూన్'. 2014 అక్టోబర్ 4న వచ్చింది, పీటర్ హార్నెస్ రాశాడు. కథ జరిగేది 2049లో. చంద్రుడి బరువు పెరిగి, భూమ్మీద సముద్రాలు ఊళ్ళ మీద పడుతుంటాయి. మనుషులు అంతరిక్షానికి వెళ్ళడం మానేసి చాలా కాలమైంది కాబట్టి, మ్యూజియంలో ఉన్న పాత షటిల్‌ను బయటికి లాగి, అందులో అణుబాంబులు వేసుకుని కొద్దిమంది వెళ్తారు. తీరా చూస్తే చంద్రుడు గుడ్డు. లోపల పిల్ల కదులుతోంది. చంపాలా, వదిలెయ్యాలా?

ఆ మ్యూజియం షటిల్ ఉంది చూశావా, అది నిజమైన రచన. ఒక పనిని లోకం వదిలేస్తే దాని సామాన్లు ఏమవుతాయి, ఆ పని తెలిసిన మనుషులు ఎంతమంది మిగులుతారు అని ఆలోచించినవాడే అది రాయగలడు. నువ్వు దాన్ని దాటేసి గుడ్డును పట్టుకున్నావు.

గుడ్డు సంగతే చూద్దాం. చంద్రుడు 130 కోట్ల టన్నుల బరువు పెరిగాడని అందులో చెప్తారు. వినడానికి పెద్ద అంకె. చంద్రుడి అసలు బరువు ఏడు లక్షల కోట్ల కోట్ల టన్నులకు పైనే. భాగించి చూడు. పెరిగింది సుమారు 5,600 కోట్ల వంతుల్లో ఒక వంతు. సీరియల్ కథానాయకుడు డాక్టర్ జేబులోంచి యోయో తీసి గురుత్వాకర్షణ ఎంతుందో చూస్తాడు. ఆ పాటి తేడా ఆ యోయోకే కాదు, ఏ మనిషి ఒంటికీ తెలియదు. అందులోవాళ్ళు చంద్రుడి మీద భూమ్మీదలాగే నడుస్తారు, అలా నడవాలంటే లాగే బలం ఆరింతలు కావాలి. ఆ గుడ్డు పది కోట్ల ఏళ్ళ నాటిదంటారు. అపోలో యాత్రికులు తెచ్చిన రాళ్ళలో 300 కోట్ల ఏళ్ళు దాటినవి బోలెడున్నాయి. చివర్లో పిల్ల ఎగిరిపోతూ తాను వచ్చిన గుడ్డంత గుడ్డు అక్కడికక్కడే పెట్టేస్తుంది.

ఇవన్నీ తప్పులే. అయినా వీటి మీద నాకు పెద్ద కోపం లేదు. చంద్రుడు గుడ్డు అని ఒక రచయిత అంటే నేను వింటాను. మన పురాణాల్లో బ్రహ్మాండమే అండం. అంకె చెప్పకుండా ఉంటే సరిపోయేది, చెప్పాడు కాబట్టి లెక్క తేలాల్సి వచ్చింది. అంతవరకే.

నన్ను నిద్రపోనివ్వనిది వేరే ఉంది. దాని గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు.

డాక్టర్‌తో వెళ్ళిన క్లారా భూమికి సందేశం పంపుతుంది. పిల్లను చంపాలనుకునేవాళ్ళు దీపాలు ఆర్పండి, బతకనివ్వాలనుకునేవాళ్ళు వెలిగే ఉంచండి అని. కాసేపటికి భూమ్మీద వెలుగులు వరసగా ఆరిపోతాయి. మానవజాతి చంపమంది అని లెక్క. కథ నైతిక బరువంతా ఆ దీపాల మీదే ఉంది.

ఇప్పుడు ఒక్కొక్కరినీ తలుచుకో. చంద్రుడి మీద నుంచి కనబడేది సగం భూమి. అవతలి సగం ఓటు లేదు. కనబడే సగంలోనూ ఎండ ఉన్నచోట దీపం వెలిగినా ఆరినా ఒకటే. చీకటి ఉన్న చోట, పొద్దున్నుంచి పనిచేసి దీపం ఆర్పుకుని పడుకున్నవాడు ఉన్నాడు, వాడికి సందేశమే తెలియదు. వాడి ఓటు చంపడానికి పడింది. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ నర్సు ఉంది. చంపడమే మంచిదని ఆమె మనసులో ఉండొచ్చు, కానీ వార్డులో లైటు ఆర్పలేదు. ఆమె ఓటు బతకనివ్వడానికి పడింది. ఇంట్లో కరెంటే లేనివాడు పుట్టినప్పటి నుంచీ చంపమనే చెప్తున్నట్టు లెక్క. పైనుంచి ఊరు ఊరంతా ఆరినట్టు కనబడాలంటే ఆరాల్సింది వీధి దీపాలు. వాటి స్విచ్చి నా చేతిలో లేదు, నీ చేతిలో లేదు. సబ్‌స్టేషన్‌లో ఒక ఆపరేటర్ ఫీడర్ కట్ చేస్తే లక్షమంది తీర్పు అయిపోతుంది. ఆ ఆపరేటర్ మీద ఒక ఎపిసోడ్ రాయొచ్చు. అతనికి పైనుంచి ఎవరు ఫోన్ చేశారు, చేతిలో రిసీవర్ పట్టుకుని అతను ఏమన్నాడు?

కథలో చిల్లు పడిన చోట తొంగిచూడు, అక్కడ నువ్వు మరిచిపోయిన మనిషి ఒకడు నిలబడి ఉంటాడు. ఇది నేను నలభై ఏళ్ళుగా అందరికీ చెప్తున్న మాట. చాలామందికి విసుగు పుట్టించిన మాట కూడా. ఫిజిక్స్ పుస్తకం తిరగేస్తే దొరికే తప్పులు దిద్దుకోవచ్చు, ఏ కాలేజీ లెక్చరర్‌ని అడిగినా సాయం చేస్తాడు. మరిచిపోయిన మనిషిని మాత్రం నువ్వే వెతుక్కోవాలి.

ఇక నీ స్క్రిప్టు. ఉప్పాడ తీరం. రాత్రి పదింటికి చంద్రుడు మాయం. సముద్రం "అద్దంలా నిలిచిపోయింది" అని రాశావు. ఊరివాళ్ళు వలలు బాగుచేసుకుంటూ, పాటలు పాడుకుంటూ, ఏమీ ఎరగనట్టు ఉంటారు. అర్ధరాత్రికి హైదరాబాద్ నుంచి శాస్త్రవేత్త కారు దిగి, "చంద్రుడు లేడు, ఆటుపోట్లు ఆగిపోయాయి" అంటే అందరూ నోళ్ళు తెరుస్తారు.

హైదరాబాద్ నుంచి ఉప్పాడ దాదాపు ఐదు వందల కిలోమీటర్లు, రెండు గంటల్లో రాలేడు. అది చిన్న విషయం. అలలు లేపేది గాలి. చంద్రుడు పోయినా ఉప్పాడ బీచ్ రోడ్డును కొట్టే అల కొడుతూనే ఉంటుంది. ఆటుపోట్లు కూడా ఆగవు, సూర్యుడున్నాడు. చంద్రుడి బలంలో సగానికి కాస్త తక్కువ సూర్యుడిది. పోటు చిన్నదవుతుంది, అంతే. నువ్వు వదులుకున్న అసలు బంగారం ఇక్కడుంది. పోటు వేళ రోజుకు సుమారు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుందంటే దానికి కారణం చంద్రుడు. చంద్రుడు లేకపోతే పోటు రోజూ అదే వేళకు వస్తుంది. నాలుగు రోజులకు మూడు గంటల పైన తేడా. అమావాస్యకూ పౌర్ణమికీ పెద్ద పోటు, అష్టమికి చిన్న పోటు అనే తేడా చెరిగిపోతుంది.

అది ముందు ఎవరికి తెలుస్తుంది? తిథి చెప్తే పోటు ఎప్పుడో చెప్పగలిగే సరంగుకు తెలుస్తుంది. పడవ ఎప్పుడు నీళ్ళలోకి దించాలో, వేట నుంచి వచ్చి ఏ వేళకు ఒడ్డు పట్టాలో ఆ లెక్క మీదే అతని ఇల్లు నడుస్తుంది. అలాంటి మనిషిని నోరు తెరుచుకుని నిలబడే గుంపులో పెట్టావు. నాకు కోపం వచ్చింది ఇక్కడే. హైదరాబాద్‌లో సముద్ర సమాచారం ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ ఉంది, చేపలు ఎక్కడ దొరుకుతాయో, సముద్రం ఎలా ఉందో మత్స్యకారులకు ఎన్నో ఏళ్ళుగా కబురు పంపుతూనే ఉంది. ఆ ఊళ్ళో మనుషుల చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. నీ శాస్త్రవేత్త కారెక్కే ముందే ఒడ్డునున్న ఎవరో అతనికి ఫోన్ చేసి, "సార్, పోటు తేడాగా ఉందేంటి?" అని అడిగి ఉంటారు.

బీబీసీ ఎపిసోడ్‌లోనూ ఇదే ఉంది. అన్ని తీరాల్లోనూ ఒకేసారి పోటు వచ్చిందంటారు. ఉన్న నీళ్ళు ఉన్నన్నే. ఒకచోట పొంగితే ఇంకోచోట తీయాలి. ఆ మాట రాసేముందు ఏ రేవులోనైనా ఒక మనిషిని అడిగి ఉంటే చెప్పేవాడు.

ఈ పట్టు నాకు ఊరికే రాలేదు. ఒకప్పుడు ఒక ఛానెల్‌కు మరమనిషి కథ రాశాను. లేబొరేటరీ నుంచి రాత్రిపూట మరమనిషి బయటికి నడిచి వెళ్ళిపోతాడు. గేటు దగ్గర వాచ్‌మన్‌ని పెట్టాను. మరమనిషి ఒంటి మీద డైరెక్టర్ గారి కోటు చూసి, సెల్యూట్ కొట్టి గేటు తీస్తాడు. కథంతా ఆ సెల్యూట్‌లోనే ఉంది. ఒక ఆర్టిస్టు ఖర్చు తగ్గుతుందని నిర్మాత వాచ్‌మన్‌ని తీసేయించాడు. నేను చాలా వాదించాను. ప్రసారంలో గేటు దానంతటదే తెరుచుకుంది. గేటు ఎవరు తీశారని ఉత్తరాలు వచ్చాయి. వాటిని నా ముందు పడేసి, "లాజిక్ చూసుకోవాలి కదండీ రైటరు గారూ" అన్నాడు అదే నిర్మాత. అందులో ఒక కార్డు ఏదో రైస్ మిల్లులో రాత్రి కాపలా ఉండే ఆయనది. అంత పెద్ద ఆఫీసుకు రాత్రి మనిషి లేకుండా ఎలా ఉంటుందండీ, మా పని మీకు కనబడదా అని అడిగాడు. దానికి జవాబు రాశాను. నిర్మాత మీద ఉన్న కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు.

ఇంకొక వారపత్రిక సంపాదకుడు సైన్స్ కథలో పల్లెటూరివాళ్ళు ఎందుకు, అమెరికాలో పెట్టి రాయండి అని కథ తిప్పి పంపాడు. ఇప్పుడు వాళ్ళు పోయి కొత్తవాళ్ళొచ్చారు. లాజిక్ కాదు, మ్యాజిక్ చూడండి అంటారు. ఏ ముడి విప్పడం చేతకాకపోయినా మల్టీవర్స్ అంటారు. చచ్చినవాడు ఇంకో లోకంలో బతికే ఉంటాడు, కాబట్టి ఇక్కడ వాడి కోసం ఏడ్చిన తల్లి ఏడుపుకు విలువ లేదు. ఈ గాలి నీకు సోకకూడదు.

నీ ఆఖరి సీన్‌లో ఎండు చేపలు తిరగేస్తున్న ముసలమ్మ ఉంది. "ఇంకమీదట ఏకాదశి ఎట్టా తెలుస్తది?" అంటుంది. ఆ ఒక్క మాట కోసమే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. నీకు ఆ మనుషులు తెలుసు. తెలిసి కూడా ఆమెను చివరిదాకా తెర వెనక కూర్చోబెట్టావు.

ఏ ప్లాట్‌ఫామ్‌కు పంపాలి, ఎవరిని కలవాలి అనే ప్రశ్నలు అలా ఉండనీ. రెండో సీన్ నుంచి తిరగరాయి. కథ ఒక్క రాత్రిలో కాకుండా నాలుగు రోజులు నడవనీ. రాసేముందు ఉప్పాడ వెళ్ళి ఒక సరంగు దగ్గర ఓ పూట కూర్చో, అతను చెప్పేది విను, నీ కథ మాత్రం చెప్పకు. శాస్త్రవేత్త ఉండాల్సిందే అనుకుంటే ఉంచు. అతను వచ్చేసరికి గోడ మీద బొగ్గుతో నాలుగు రోజుల పోటు వేళలు గీసి ఉండాలి. అతను దాన్ని చూసి తన లెక్క సరిచేసుకోవాలి. ఆ సీన్ ముందు రాసి పంపు. మిగతావి అది చదివాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు