వెనక అట్ట మీది పెన్సిల్ రాతలు

బుజ్జీ,

పుస్తకాల మీద నువ్వు రాసి పంపిన అయిదు అభిప్రాయాలూ చదివాను. ఫోన్‌లో ఒకసారి, మీ మావయ్య చేత ప్రింటు తీయించుకుని ఇంకోసారి. "అత్తా, మొహమాటం లేకుండా చెప్పు" అన్నావు కాబట్టి చెబుతున్నాను. మూడు ప్రేమ నవలల గురించి రాసిన వాటిలో "ప్రెడిక్టబుల్" అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. ఫాంటసీ కథల పుస్తకాలు రెండింటికీ "వరల్డ్ బిల్డింగ్ ఇంకా ఉండాల్సింది" అని, అంటే కథాలోకాన్ని ఇంకా వివరంగా కట్టాల్సిందని, ఒకే ముక్క అతికించావు. ఈ రెండూ తీసేస్తే మిగిలేది కథ సారాంశం, చివర స్టార్లు. చదివిన బుజ్జి మాత్రం ఎక్కడా కనబడలేదు.

చెన్నై సాలిగ్రామంలో పాత ఇంటి ముందు గదిలో నేను అద్దె పుస్తకాల లైబ్రరీ నడిపిన సంగతి నీకు తెలుసుగా. 1979లో మొదలుపెట్టి 2001లో మూసేశాను. పుస్తకం ధరలో పదో వంతు అద్దె, వారం గడువు. వీక్లీల్లో వచ్చే సీరియళ్లు కత్తిరించి, వరసగా పేర్చి, బైండు చేయించి పెట్టేదాన్ని. వాటికే గిరాకీ. చదివినవాళ్లు వెనక అట్ట లోపలివైపు పెన్సిల్‌తో ఏదో ఒకటి గీకి పంపేవాళ్లు. రాయొద్దని బోర్డు పెట్టాను, ఎవరూ వినలేదు. కొన్నాళ్లకి ఆ రాతలు చదవడం నాకే అలవాటైపోయింది. "సూపర్", "బోర్", "ఏడుపొచ్చింది" లాంటివాటితో ఎవరికీ ఒరిగిందేమీ లేదు. కానీ ఒక పుస్తకం వెనక "62వ పేజీ దాకా ఓపిక పట్టండి" అని ఉండేది. ఇంకోదాని వెనక "వదిన కోసం చదవండి, హీరోని వదిలేయండి" అని. ఆ రెండూ బీరువాలో ఒక్క వారం నిలిచేవి కావు. నువ్వు రాయాల్సింది అలాంటిదే, కాస్త పొడుగ్గా.

ముందు ప్రేమ నవలల సంగతి. ప్రెడిక్టబుల్ అనే మాట తెలియని రోజుల్లో ఆ పని నేనూ చేశాను. వడపళని వైపు నర్సు ఒకావిడ వారానికి మూడు నవలలు తీసుకెళ్లేది, అన్నీ ప్రేమవే. ఓ రోజు నోరు ఊరుకోక "అన్నిట్లో చివరికి పెళ్లే కదండీ, ఎలా చదువుతారు?" అన్నాను. ఆవిడ పుస్తకాలు సంచీలో సర్దుకుంటూ "నైట్ డ్యూటీలో ఏ మంచం దగ్గర ఏమవుతుందో తెలీదండీ, ఇందులోనైనా తెలిసి ఉండాలి" అంది. సిగ్గేసింది. ఆ మాట మళ్లీ ఎవర్నీ అనలేదు.

ఇద్దరూ చివరికి కలవడం ఆ రకం నవలకి షరతు. మిల్స్ అండ్ బూన్ అనే ప్రచురణ సంస్థ 1908లో లండన్‌లో మొదలైనప్పుడు అన్ని రకాల పుస్తకాలూ వేసేది. 1930ల నుంచి ప్రేమ నవలల మీదే నిలబడింది. ముగింపు ఎలా ఉంటుందో తెలిసే కొంటారు జనం. అరిసె తియ్యగా ఉందని వంక పెడితే ఎలా? పాకం కుదిరిందో లేదో చెప్పు.

పాకం ఎక్కడ చూడాలంటే, వాళ్లిద్దరికీ ఉన్న అడ్డు దగ్గర. అయిదు నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయే అడ్డు అయితే, వాళ్లు ఎందుకు మాట్లాడుకోలేదో రచయిత్రి నన్ను నమ్మించాలి. ఆ ఉత్తుత్తి నిశ్చితార్థం నవల నేనూ చదివాను. అమ్మాయి నిజం చెప్పేస్తే ఉద్యోగం పోతుందని మొదట్లో భయం. బాగుంది. సగానికి వచ్చేసరికి ఆ ఉద్యోగం తనే మానేసింది. అయినా ఇంకో వంద పేజీలు నిజం చెప్పదు! నీకు విసుగు పుట్టింది అక్కడే అని నా అనుమానం. దానికి నువ్వు పెట్టిన పేరు ప్రెడిక్టబుల్. ముగింపు తెలియడం వల్ల కాదమ్మా, కారణం అయిపోయినా కథ నడవడం వల్ల వచ్చిన విసుగది. ఆ పేజీ చూపించి రాస్తే రచయిత్రి కూడా కాదనలేదు.

ముప్పావు వంతు దగ్గర ఇద్దరూ విడిపోవడం ఈ కాలపు నవలల్లో రివాజు అయిపోయింది, నిజమే. మా సీరియళ్లలో అయితే ప్రతి వారం చివరా ఒక తగవు. వచ్చే వారం పత్రిక కొనాలి కదా మరి. వారం వారం చదివినవాళ్లకి అది టెన్షన్, బైండు పుస్తకం ఒక్క బిగిన చదివినవాళ్లకి తలనొప్పి. అందుకే పాత నవల మీద రాసేటప్పుడు అది మొదట ఎలా అచ్చయిందో కనుక్కో. పాతవి కావాలంటే ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీ ఉంది, 1896 నాటిది. దేశంలో అచ్చయ్యే పుస్తకాల ప్రతులు చట్టప్రకారం చేరే నాలుగు లైబ్రరీల్లో అదొకటి. పక్కనే పెట్టుకుని ఇక్కడ పుస్తకాలు దొరకవంటావేమిటి?

ఇంకొకటి. ఒక అధ్యాయం అమ్మాయి చెప్పేది, తర్వాతది అబ్బాయి చెప్పేది, ఇప్పుడంతా ఇదే పద్ధతి. అధ్యాయం పైన ఉన్న పేరు వేలితో మూసి ఒక పేరా చదువు. మాట్లాడేది ఎవరో తెలిస్తే రాసినావిడకి పని వచ్చినట్టు. నీకు బాగా నచ్చిన మూడో నవలలో నాకు తెలియలేదు. ఇద్దరికీ ఒకే వెటకారం, ఒకే కాఫీ పిచ్చి.

హీరో గురించి "రెడ్ ఫ్లాగ్" అని, అంటే వీడితో ప్రమాదమని, రెండు మాటలు రాసి వదిలేశావు. ఏ సీన్లో? అప్పుడు ఆ అమ్మాయి ఏమనుకుంది? రచయిత్రి ఎవరి పక్కన నిలబడింది? హీరో పొగరుబోతుగా ఉండటం వేరు, ఆ పొగరుని రచయిత్రి ముద్దు చేయడం వేరు. తప్పు చేశాక అతను ఏం చేశాడో కూడా చూడు. మా కాలంలో హీరోయిన్‌కి జ్వరం వస్తే చాలు, అన్నీ మాఫీ. ఇప్పుడు నలుగురి ముందు మోకాళ్ల మీద కూర్చుంటే మాఫీ. ఆమెని అవమానించింది ఇంట్లో, క్షమాపణ ఎయిర్‌పోర్టులో. లెక్క సరిపోయిందా?

ఆ పొడుగు కారు, మితభాషి హీరోలంటే నాకూ పిచ్చే, అబద్ధం ఎందుకు చెప్పాలి. మాట్లాడని మగవాడు నవలలోనే బాగుంటాడని పెళ్లయిన మూడో నెలకి తెలిసింది. ఇది మీ మావయ్య చదువుతాడు, ఫర్వాలేదు.

ఇక ఫాంటసీ కథలు. ఇందులో నేను నీకంటే వెనకబడినదాన్నే, కానీ మరీ కొత్త కాదు. చందమామ 1947 జూలైలో ఈ ఊళ్లోనే పుట్టింది. చిన్నప్పుడు వడపళనిలో ఆ ప్రెస్సు ముందు నుంచే బడికి నడిచేదాన్ని. బేతాళ కథల చట్రం గుర్తు తెచ్చుకో. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది. చెబితే మౌనం పోయి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఎటు తిరిగినా నష్టమే. కథాసరిత్సాగరంలో ఆ కథలు పాతికే. అవి అయిపోయాక చందమామ వాళ్లు అదే చట్రంలో కొత్తవి రాయిస్తూ దశాబ్దాలు నడిపారు. బేతాళుడు ఎక్కడివాడో, ఆ శ్మశానం ఎంత పెద్దదో ఎవరికి కావాలి? మాయకి ఖరీదు గట్టిగా కుదిరింది, అందుకే అన్నాళ్లు నిలిచింది.

అందుకని "వరల్డ్ బిల్డింగ్" అని చిన్న కథని నిలదీయకు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకి ఇచ్చే హ్యూగో అవార్డుల వాళ్ల లెక్కలో 7,500 మాటల లోపు ఉంటేనే చిన్న కథ. అంత జాగాలో రాజ్యం పటం, ఏడు తరాల వంశవృక్షం పట్టవు. ఆ వాన పిలిచే అమ్మాయి కథే చూడు. పిలిచిన ప్రతిసారీ ఆమె అమ్మభాషలో ఒక మాట మర్చిపోతుంది. నువ్వేమో "ఈ శక్తి ఎలా వచ్చిందో చెప్పలేదు" అని రాశావు. 2019 ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన ఊరు మనది. నిద్రగన్నేరు చెట్టు చూపించి, దీన్ని తెలుగులో ఏమంటారని మొన్న నన్ను అడిగావు నువ్వు. ఆ కథ చదివి నీకు అడగాలనిపించింది శక్తి ఎలా వచ్చిందనా? నిజంగా అంతేనా? అది నీ కథ బుజ్జీ. దాని గురించి నువ్వు రాయగలిగినట్టు ఇంకెవరూ రాయలేరు.

ఆ కథలో తప్పు లేదని కాదు. చివరి పేరాలో పోయిన మాటలన్నీ ఊరికే తిరిగొచ్చేస్తాయి. ఖరీదు కట్టి, చివర్న డబ్బు వాపసు ఇచ్చేస్తే బేరం ఏం మిగిలింది? నేనైతే అక్కడ గట్టిగా తగులుకుంటాను. నీకు రాస్తున్నాను కాబట్టి చివర చెప్పేశాను. నువ్వు నలుగురికి రాసేటప్పుడు చెప్పకు. నవల ముగింపు తెలిసినా చదవడానికి ఎంతో కొంత ఉంటుంది, ఆరు పేజీల కథ తెలిస్తే అయిపోయినట్టే. సంపుటిలో ఉన్న పదహారు కథలకీ తలా ఒక వాక్యం పంచడం కూడా మానెయ్. రెండో మూడో తీసుకుని తీరిగ్గా రాయి.

చదివిన రాత్రే రాయకు. పొద్దున లేచాక ఏది గుర్తుందో దానితో మొదలుపెట్టు. షోలింగనల్లూరు బస్సులో నిలబడి చదివిన పుస్తకం నచ్చకపోతే, ఆదివారం కూర్చుని పది పేజీలు మళ్లీ చదివి చూడు. పుస్తకానిది కాని చిరాకు దాని నెత్తిన వేయకూడదు. మధ్యలో వదిలేస్తే ఎన్నో పేజీలో వదిలేశావో చెప్పు, తప్పేం లేదు. రాసింది నీ స్నేహితురాలైతే మాత్రం అసలు రాయకు. ఆ ముచ్చట నేను ఒకసారి పడ్డాను. నవల బాగాలేదని వెనక అట్ట మీద నా చేతిరాతతోనే రాశాను, ఆవిడ చూసింది. నాలుగేళ్లు మాటల్లేవు.

స్టార్ల గురించి నాకు ఏ అభిప్రాయమూ లేదు. పెట్టుకో.

ఆదివారం వస్తావుగా, ఆ కథల పుస్తకం తెచ్చిపెట్టు, ఫోన్‌లో చదివితే కళ్లు లాగుతున్నాయి. నాలుగో కథలో ఆ ముసలామె తలుపు ఎందుకు తీయలేదో నాకు అర్థం కాలేదు. నీకు అర్థమైతే ముందే చెప్పకు, నేను ఇంకోసారి చదువుతాను. మీ నాన్నకి గోంగూర పచ్చడి పట్టి ఉంచాను, ఖాళీ సీసా తేవడం మర్చిపోకు.

నీ
అత్త