అమ్మబోయే ఇంటికి 6 లక్షలు పెట్టాలా? హొరమావులో ఇల్లు అమ్మినవాడి సమాధానం

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: బెంగళూరు రామమూర్తి నగర్‌లో 30×40 అడుగుల సైటు, 2011లో కట్టిన ఇల్లు, కింద మీరు, పైన అద్దెవాళ్లు. అమ్మేసి విజయవాడ వెళ్లిపోదామని ఆలోచన. అమ్మేముందు ఇంటి మీద పెట్టడానికి చేతిలో 6 లక్షలున్నాయి. మీ ఆవిడ మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్ అంటున్నారు. మీకేమో టెర్రస్ మీద ఇంకో గది వేస్తే రేటు పెరుగుతుందని ఉంది. నన్నడిగితే ఈ మూడూ వద్దు. డబ్బు పెట్టాల్సిన చోట్లు వేరే ఉన్నాయి, వాటికి మీ బడ్జెట్‌లో సగం కూడా అవ్వదు.

మేం మీకు దగ్గర్లోనే, హొరమావులో ఉన్న ఇల్లు కిందటేడు అమ్మాం. ఇండిపెండెంట్ ఇల్లు కొనేవాళ్లు ముందు సైటుకే లెక్క కడతారు. ఆ వీధిలో అడుగు రేటెంత, రోడ్డు వెడల్పెంత, ఏ ముఖం అన్నదాంతోనే ధర చాలావరకు తేలిపోతుంది. కట్టడానికి వయసును బట్టి తరుగు తీస్తారు. కొనేవాళ్లకి లోన్ ఇచ్చే బ్యాంకు పంపే వాల్యూయర్ (ఇంటికి విలువ కట్టే మనిషి) చూసేదీ ఇంచుమించు ఇలాగే. మా ఇంటికొచ్చినాయన టేపుతో గదులు కొలిచి, ప్లాన్‌తో సరిచూసుకుని, ఫోటోలు తీసుకుని వెళ్లిపోయాడు. వార్డ్‌రోబ్ తలుపు ఒక్కటైనా తెరిస్తే ఒట్టు.

చివరికి మా ఇల్లు కొన్నది అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ జంట. వాళ్లకన్నా వాళ్ల నాన్నగారు ఇల్లు చూసిన తీరు నాకు బాగా గుర్తు. హాల్లోకి రాకముందే సంపు మూత తీయించి లోపలికి టార్చ్ వేశారు. "బోరు ఎన్నడుగులు బాబూ? ఎండాకాలంలో ట్యాంకర్ పిలిచారా? కావేరి నీళ్లు వారానికి ఎన్నిసార్లు?" ఇవే ప్రశ్నలు. 2024 మార్చిలో ఊళ్లో బోర్లు ఎండిపోయి జనం పడ్డ అవస్థ తర్వాత ఇలా అడిగేవాళ్లు బాగా పెరిగారు. కాబట్టి సంపు కడిగించండి, మోటారు సౌండ్ చేస్తుంటే బాగు చేయించండి, కావేరి కనెక్షన్ బిల్లులు ఒక ఫైల్లో పెట్టండి. వాననీటి పైపులు, ఇంకుడు గుంత పూడిపోయి ఉంటే అదీ తీయించండి. 2009 తర్వాత కట్టిన 30×40 ఇళ్లకి బెంగళూరు జలమండలి ఆ ఏర్పాటు తప్పనిసరి చేసింది. మీది 2011 ఇల్లు కాబట్టి అడిగేవాళ్లు అడుగుతారు.

ఆ నాన్నగారి రెండో పని, ప్రతి బాత్రూం వెనక గోడ మీద అరచెయ్యి ఆనించి చూడటం. అదృష్టం కొద్దీ మేం ఆ గోడ రిపేరు అప్పటికే చేయించి ఉన్నాం. మా బెడ్రూంలో బాత్రూం వైపు గోడకి కింది నుంచి అడుగున్నర ఎత్తు వరకు పెయింట్ ఉబ్బి, వేలు తగిలితే ఉప్పులాంటి తెల్లపొడి రాలేది. పెయింటర్ వచ్చి "పుట్టీ పెట్టి రెండు కోట్లు వేసేస్తా సార్, కనబడదు" అన్నాడు. కనబడదు నిజమే, నాలుగు వారాలు. నేను ప్లంబర్‌ని పిలిచాను. అతను నహాని ట్రాప్‌లో (నేల మీద నీళ్లు పోయే జాలీ రంధ్రం) గుడ్డ కుక్కి, బాత్రూం నేల మీద నీళ్లు నిలబెట్టి, నీళ్ల అంచున గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి వెళ్లాడు. తెల్లారి చూస్తే నీళ్లు గీతకి బాగా కిందికి దిగిపోయాయి. పైపు పగల్లేదు, టైల్స్ మధ్య జాయింట్లు అరిగిపోయాయి, ట్రాప్ చుట్టూ సందు పడింది, అంతే. టైల్స్ పీకకుండానే జాయింట్లు గీకి ఎపాక్సీ గ్రౌట్ నింపి, ట్రాప్ చుట్టూ మూసి, మళ్లీ నీళ్లు నిలబెట్టి చూపించాడు. అవతలి వైపు గోడకి పాడైన ప్లాస్టర్ కొట్టించి, బాగా ఆరాకే మళ్లీ పూత పెట్టించాం. అంతా కలిపి 40 వేల లోపే అయింది. ఆ గోడ అలాగే ఉండి ఉంటే కొనేవాళ్లు బేరంలో దానికి 40 వేలు తగ్గించరు, ఇల్లంతా ఇలాగే ఉందేమోనని లక్షల్లో తగ్గిస్తారు. లేదా చెప్పాపెట్టకుండా మానేస్తారు.

టెర్రస్ కూడా అంతే. బీటలు, పారాపెట్ గోడ మొదట్లో సందులు, నీళ్లు దిగే పైపు నోరు చూడండి. అక్కడ వాటర్‌ప్రూఫింగ్‌కి పెట్టే డబ్బు వృథా కాదు.

మాడ్యులర్ కిచెన్ ఎందుకు వద్దన్నానంటే, కొన్నవాళ్లు దాన్ని ఉంచరు. పొయ్యి ఆగ్నేయంలో లేదనో, వండేటప్పుడు ముఖం తూర్పుకి లేదనో వాళ్ల వాస్తు ఆయన ఒకడు వస్తాడు. ఆయన చెప్పేదానికి, మీ వాస్తు ఆయన చెప్పినదానికి ఎప్పుడూ పొంతన కుదరదు. మీ నల్ల గ్రానైట్ ప్లాట్‌ఫారం, కడప బండల అరలు బాగానే ఉన్నాయన్నారుగా, శుభ్రం చేయించి, వేలాడే తలుపులకి కీళ్లు మార్పించి, సింక్ కుళాయి కొత్తది పెట్టండి, చాలు. ఫాల్స్ సీలింగ్ అయితే ఇంకా నష్టం. స్లాబ్‌లో చెమ్మ ఉంటే దాచడానికే వేశారనుకుంటారు.

ఇక టెర్రస్ మీద గది. దీని మాట పూర్తిగా మర్చిపోండి. ప్లాన్‌లో లేని గది వాల్యూయర్ రిపోర్ట్‌లో తేడాగా పడుతుంది, దాంతో కొనేవాళ్ల లోన్‌కే ఎసరు. ఆ డబ్బులో కొంచెం, దానికి మించి మీ టైమూ కాగితాలకి పెట్టండి. 2024 చివరి నుంచి బెంగళూరులో ఈ-ఖాతా (ఆస్తి ఎవరి పేరున ఉందో చూపే కార్పొరేషన్ ఆన్‌లైన్ రికార్డు) లేకుండా రిజిస్ట్రేషన్ జరగడం లేదు. అందులో పేరు, కొలతలు మీ సేల్ డీడ్‌తో సరిపోయాయో లేదో ఇప్పుడే చూసుకోండి. మాకు ఇంటిపేరు స్పెల్లింగ్ ఒక్కటి సరిచేయించడానికి పట్టిన కాలంలో రెండు బాత్రూంలు కట్టేయొచ్చు.

పెయింట్ తప్పకుండా వేయించండి, కానీ అన్నిటికన్నా ఆఖర్న. లేత రంగులు చాలు. ఒక గోడకి ముదురు నారింజ ఉందన్నారు కదా, అది మాత్రం వెంటనే పోవాలి.

బిల్లులన్నీ దాచండి. ఇంటికి శాశ్వతంగా కలిసే పనుల ఖర్చు, అమ్మిన లాభం మీద పడే పన్ను లెక్కలో కొన్న ధరకి కలుపుకోవచ్చు, పెయింట్, చిల్లర రిపేర్లు మాత్రం సాధారణంగా అందులోకి రావు. 2024 జూలై 23కి ముందు కొన్న ఆస్తి కాబట్టి ఇండెక్సేషన్ (పెరిగిన ధరలకి తగ్గట్టు కొన్న ధరని పెంచి లెక్కేయడం) లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం, రెండూ వేయించి ఏది తక్కువైతే అది చూడమని మీ ఆడిటర్‌తో చెప్పండి.

పైన అద్దెవాళ్ల అడ్వాన్స్ ఎవరు తిరిగివ్వాలో అమ్మకం అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి. ఇల్లు చూపించే రోజుల్లో వాళ్లతో మంచిగా ఉండండి, కొనడానికొచ్చినవాళ్లు మెట్ల మీద మొదట పలకరించేది వాళ్లనే. టెర్రస్, బాత్రూం పనులు వానలు పడకముందే మొదలుపెట్టండి. అవి అయ్యి గోడలు ఆరేదాకా పెయింటర్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి.