అమ్మ కీబోర్డు మీద రంపం పెట్టకు బుజ్జీ

బుజ్జీ,

నిన్న రాత్రి అక్క, అదే మీ అమ్మ, ఫోన్ చేసి మాటల మధ్యలో "బీరువా మీదున్న నా పాత టీవీఎస్ గోల్డు కీబోర్డు బుజ్జి హాస్టల్‌కి పట్టుకెళ్ళిందిరా, దాన్ని చిన్నది చేసుకుంటుందంట" అంది. మన ఇంట్లో ఒక ఆడపిల్ల సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటోందని ముందు ఎంత సంతోషం వేసిందో, చిన్నది చెయ్యడమంటే ఎలా చేస్తుందో అన్న ఆలోచన వచ్చాక అంత భయం పట్టుకుంది. రెండింటి దాకా నిద్రపట్టలా. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, మొత్తం చదివాకే స్క్రూడ్రైవర్ పట్టుకో.

తేలిక పనులు ముందు చెప్పేస్తా. విప్పే ముందు ఫొటోలు తీసుకో. 104 కీలూ ఒక్కోటి నొక్కి చూసి, పనిచెయ్యని దాని మీద మార్కర్‌తో చుక్క పెట్టు. కీల మీది క్యాపులు నిటారుగా పైకి లాగు, పక్కకి వంచకు. సర్ఫ్ నీళ్ళలో నానేసి కడిగి బాగా ఆరనివ్వు. క్యాపు తీశాక కింద స్విచ్ కాడ నీలంగా ఉండి మూత మీద చెర్రీ అని ఉంటే పాత సరుకే, తర్వాత వచ్చిన గోల్డుల్లో వేరే కంపెనీ స్విచ్‌లు వేశారు. స్పేస్ బార్ కొలవకుండా స్విచ్‌లు కూర్చునే ప్లేటు, పీసీబీ (సర్క్యూట్ బోర్డు) ఆర్డర్ పెట్టకు, ఇప్పుడొచ్చే కిట్లలో ఎక్కువ 6.25 యూనిట్ల బారుకే ఉంటాయి, ఒక యూనిట్ అంటే ఒక మామూలు కీకి పట్టే చోటు, 19.05 మిల్లీమీటర్లు.

ఇక అసలు సంగతి. కొయ్యొద్దు.

1999లో మీ అమ్మ గుంటూరు బ్రాడీపేటలో ఒక డీటీపీ సెంటర్‌లో చేసేది. నేను డిప్లొమా చదువుతూ సాయంత్రం అక్కడికే పోయి కూర్చునేవాణ్ణి. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, మాఘమాసం వచ్చిందంటే పొద్దున్నించి రాత్రి దాకా శుభలేఖలే. టేబుల్ ఇంతే ఉండేది, దాని మీద పెద్ద మానిటర్, ముందు బారెడు కీబోర్డు, కుడివైపు అంకెల కీల గుంపు, నంప్యాడ్, దాటాక ఆ చివర మౌస్. అక్క చూస్తే పొట్టి మనిషి. చెయ్యి అంత దూరం చాపి చాపి రాత్రికి కుడి భుజం పట్టేసేది, అమ్మమ్మ అమృతాంజనం రాస్తుంటే పళ్ళు బిగపట్టుకునేది. అది చూళ్ళేక నేను అనుకున్నా, ఈ నంప్యాడ్ ఒక్కటి లేకపోతే మౌస్ బెత్తెడు దగ్గరికొస్తుంది కదా అని. మీరిప్పుడు చిన్న కీబోర్డులు ఎందుకు కడుతున్నారో సరిగ్గా అదే ఆలోచన, అందుకే నువ్వు చేసేది తప్పని అనట్లేదు.

ఆదివారం షాపు తాళాలు అక్క దగ్గరుంటాయి. అడక్కుండా తీసుకుపోయి, కీబోర్డు విప్పి, బాణం కీల పక్కన స్కేలు పెట్టి గీత గీసి, హాక్సా బ్లేడుతో బోర్డు కోసేశా. ఆకుపచ్చ పొడి చేతులకంటుకుని రెండ్రోజులు దురద. డొక్కు, అంటే పైన ప్లాస్టిక్ పెట్టె, కూడా కోసి, అంచు ఎమ్రీ కాగితంతో నున్నగా రుద్ది, పక్క ఎం-సీల్‌తో మూసి, ఎంత ముచ్చటగా ఉందో అనుకుంటూ పెట్టొచ్చా. సోమవారం పొద్దున అక్క సిస్టమ్ ఆన్ చేస్తే నల్ల తెర మీద కీబోర్డ్ ఎర్రర్, ఎఫ్1 నొక్కండి అని వచ్చింది. నొక్కితే ఏమీ కాలా. ఒక్క కీ కూడా పనిచెయ్యలా. బయట ముగ్గురు పెళ్ళివాళ్ళు ప్రూఫుల కోసం నిలబడున్నారు.

నేను కోసి పారేసిన ముక్కలోనే చిప్ ఉందమ్మా, నంప్యాడ్ పైనుండే ఆ మూడు లైట్ల కింద. అప్పుడు నాకు తెలీదు, 104 కీలకి 104 తీగలుండవని, అడ్డవరసలు నిలువువరసలుగా అల్లి ఉంటాయని, చిప్ ఒక్కో వరసనీ పలకరించుకుంటూ పోతుందని. మిగిలిన ముక్కలో స్విచ్‌లన్నీ బాగానే ఉన్నాయి, వాటిని అడిగేవాళ్ళే లేరు. ఇంకోటి కూడా తెలీదు. నంప్యాడ్ అక్క వాడదనుకున్నా. అను ఫాంట్లలో కొన్ని ఒత్తులూ గుర్తులూ ఆల్ట్ పట్టుకుని నంప్యాడ్ మీద సున్నాతో మొదలయ్యే నాలుగంకెలు కొడితేనే వచ్చేవి, పైవరస అంకెలు కొడితే రావు. ఆ కోడ్‌లన్నీ అక్కకి నోటికొచ్చు. ఎవరికోసం చేస్తున్నానో ఆ మనిషిని ఒక్క మాట అడిగుంటే సరిపోయేది.

ఓనర్ వచ్చి అడిగితే అక్క "నేనే కోయించానండీ, భుజం నొప్పికి" అంది. రెండు నెలలు జీతంలో కోశాడు. నాకా విషయం నువ్వు పుట్టాక గానీ తెలీలా, అదీ మీ నాన్న చెబితే.

ఆ తర్వాత ఇంట్లో సొంతంగా పని పెట్టుకున్నప్పుడు కొనుక్కుంది ఇప్పుడు నీ దగ్గరున్న గోల్డు. స్పేస్ బార్ కుడివైపు చూడు, బొటనవేలంత మేర అద్దంలా మెరుస్తుంటుంది. నీ స్కూలు ఫీజులు చాలావరకు ఆ బొటనవేలు కట్టినవే.

కాబట్టి స్విచ్‌లు ఊడదీసుకో, బోర్డు జోలికెళ్ళకు. నీ చిన్న కీబోర్డుకి కావాల్సింది 61 స్విచ్‌లు. ముందు నంప్యాడ్ 17తో చెయ్యి తిప్పుకో, ఎఫ్ కీలవి కూడా తక్కువ అరిగుంటాయి, వాటినే నీ అక్షరాలకి వాడుకో. ఐరన్ 350 డిగ్రీలు చాలు. పాత టంకం ఎండిపోయుంటుంది, కాబట్టి ముందు దాని మీద కాస్త కొత్త టంకం కరిగించు, మెరుస్తూ చుక్కలా నిలిచాక టంకం పీల్చే పంపుతో లాగు. మూడు సెకన్లలో రాకపోతే ఆపి చల్లారనివ్వు. స్విచ్ కాలు కదిలిస్తే టిక్కుమని ఆడాలి, ఆడకుండా లాగావా కింద రాగి రేకు లేచి చేతికొస్తుంది. చేత్తో వైర్లు వేసేట్టయితే ప్రతి స్విచ్‌కీ 1ఎన్4148 డయోడ్ (కరెంటుని ఒకే వైపు పోనిచ్చే చిన్న ముక్క), దాని నల్ల గీత అన్నింటికీ ఒకే వైపు.

కళ్ళద్దాలు పెట్టుకో. ఈ మాట మళ్ళీ రాస్తా, కళ్ళద్దాలు పెట్టుకో. డయోడ్ కాలు కత్తిరించినప్పుడు ఎగిరొచ్చే ముక్క ఎంత జోరుగా వస్తుందో నీకు తెలీదు, నా ఎడమ కనుబొమ్మ కింద మచ్చ ఏంటని చిన్నప్పుడు అడిగేదానివే, అదే. కిటికీ తీసి ఫ్యాను పెట్టుకో, పొగ పీల్చకు. టంకంలో సీసం ఉంటుంది, సబ్బుతో చేతులు కడక్కుండా బిస్కెట్ పాకెట్ ముట్టుకున్నావంటే ఊరుకోను. రాత్రి పన్నెండు తర్వాత ఐరన్ వద్దు, నిద్రకళ్ళతో పట్టుకుంటే వేడి వైపే పట్టుకుంటారు. నువ్వు మాట వింటావని తెలుసు బంగారం, నా భయం కొద్దీ రాస్తున్నా.

ఫర్మ్‌వేర్, అంటే కీబోర్డు చిప్‌లో నడిచే ప్రోగ్రామ్, క్యూఎమ్‌కే అంటున్నావంటగా, రెండో లేయర్‌లో (ఒక కీ పట్టుకుంటే మిగతా కీలు వేరే పని చేసే ఏర్పాటు) నంప్యాడ్ పెట్టు. దాంట్లో పైవరస అంకెలకి ఒక కోడ్, నంప్యాడ్ అంకెలకి ఇంకో కోడ్, నంప్యాడ్‌వే వెయ్యాలి. అక్క ఎప్పుడైనా నీ దగ్గరకొచ్చి కూర్చుంటే ఆల్ట్ కోడ్‌లు పనిచెయ్యాలి.

ఖాళీ బోర్డు, డొక్కు, స్క్రూలు అన్నీ ఒక కవర్లో వేసి జాగ్రత్తగా దాచు, కావాలంటే మళ్ళీ స్విచ్‌లు పెట్టి లేపొచ్చు. మొదటి స్విచ్ పీకే ముందు అక్కకి ఫోన్ చేసి, ఏం తీస్తున్నావో, ఏం మిగులుతుందో విడమర్చి చెప్పు. సరే అంటుంది, నాకు తెలుసు, అయినా అడుగు.

నా డీసోల్డరింగ్ పంపు, రెండు కొత్త ముక్కులు, కళ్ళద్దాలు ఆర్టీసీ కార్గోలో వేశా. గురువారం సాయంత్రానికి బస్టాండ్ కౌంటర్లో ఉంటుంది, ఐడీ కార్డు తీసుకుని వెళ్ళు.

మీ మామయ్య