పోలిక చూసి చుట్టరికం కలపకు

చి. మాధవికి ఆశీస్సులు.

ఫిన్నిష్ క్లాసులో సగం మాటలు స్వీడిష్ లాగే వినిపిస్తున్నాయనీ, ఏ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తేల్చే దారి చెప్పమనీ అడిగావు. ముందు ఒకటి గుర్తుంచుకో. ఫిన్నిష్, ఎస్తోనియన్‌లది ఫిన్నిక్ శాఖ. స్వీడిష్, జర్మన్, ఇంగ్లిష్‌లది జర్మానిక్ శాఖ. వాటి మధ్య ఉన్నది తెలుగుకీ సంస్కృతానికీ ఉన్న లాంటి సంబంధమే. పుట్టుక వేరు, అరువు మాత్రం రెండు వేల ఏళ్లకు పైబడినది.

అందుకే తెలుగు బడిలో చదివినవాళ్లకు ఈ పని సగం తెలిసినట్టే. ప్రయాణము పయనము, శ్రీ సిరి అయినట్టు పాత ఫిన్నిక్ కూడా మాట మొదట్లో జంట హల్లును సహించదు. సాధారణంగా గుంపులో చివరి హల్లును ఉంచుకుని ముందువాటిని వదిలేస్తుంది. పాత జర్మానిక్ ‘స్త్రాండో’ (ఒడ్డు) ఫిన్నిష్‌లో ‘రంత’ అయింది. ‘స్కౌనిజ్’ ‘కౌనిస్’ అయింది, అందమైన అని అర్థం. జర్మన్ ‘షోన్’ దీని తోబుట్టువే. బ, గ, ఫ కూడా అప్పటి నోటికి పలకవు. అందుకే బంగారం ‘గుల్థ’ ‘కుల్త’గా, పొలం ‘ఫెల్థ’ ‘పెల్తో’గా మారాయి. ఇంగ్లిష్ గోల్డ్, ఫీల్డ్‌లను పక్కన పెట్టి చూడు.

ఇక పద్ధతి. మాట దొరకగానే నిఘంటువులోని మూల రూపంతో ఆగిపోకు, షష్ఠీ విభక్తి రూపం కూడా పక్కన రాసుకో. ఇల్లు అని మాత్రమే రాసుకుంటే ‘ఇంటి’లోని టకారం నీకు ఎప్పటికీ కనబడదు కదా, ఇదీ అంతే. గొర్రెను ఫిన్నిష్‌లో ‘లమ్మస్’ అంటారు, గొర్రె యొక్క అనడానికి ‘లంపాన్’. దాగి ఉన్న పకారం అక్కడ బయటపడుతుంది. పాత జర్మానిక్ ‘లంబజ్’లోని బకారానికి బదులు వచ్చింది అదే. ఇంగ్లిష్ ల్యాంబ్‌లో ఆ బకారం రాతలో మిగిలింది, నోట్లో పోయింది.

తర్వాత మాట తోక చూడు. వయసు చెప్పేది తోకే. ‘కునింగస్’ అంటే రాజు, మూలం ‘కునింగజ్’. ఇంగ్లిష్‌లో కింగ్‌గా, స్వీడిష్‌లో కుంగ్‌గా అరిగిపోయిన మాట ఫిన్నిష్, ఎస్తోనియన్‌లలో దాదాపు చెక్కుచెదరలేదు. ఆ ‘అజ్’, ‘ఇజ్’ తోకలు పండితుల ఊహ మాత్రమే కావు. డెన్మార్క్‌లో దొరికిన సుమారు క్రీ.శ. 400 నాటి గాల్లెహుస్ బంగారు కొమ్ము మీద రూన్ అనే పాత జర్మానిక్ లిపిలో చెక్కి ఉండేవి. ఆ కొమ్మును 1802లో దొంగ కరిగించేశాడు. ‘రెంగస్’ (వలయం) ఇంకా పాత సంగతి చెబుతుంది. జర్మానిక్ భాషల్లో ఆ ఎకారం ఇకారమై రింగ్ అయింది. ఫిన్నిష్‌లో ఎకారమే ఉంది కాబట్టి అరువు ఆ మార్పుకు ముందే జరిగింది.

తోకలో ‘ఇ’ ఉంటే అనుమానం వేరే వైపు పోవాలి. ‘తువోలి’ (కుర్చీ) స్వీడిష్ ‘స్తూల్’ నుంచి, ‘పంక్కి’ స్వీడిష్ ‘బాంక్’ నుంచి వచ్చాయి. బస్‌ను వాళ్లు ‘బుస్సి’ అంటారు. మనం బస్సు అని సకారం ఒత్తి చివర ఉకారం తగిలించినట్టే, వాళ్లు ఇకారం తగిలించారు. అందులో బకారం అలాగే నిలిచింది చూశావా, అదే కొత్తదనపు గుర్తు.

మూడోది, పొరుగు సాక్ష్యం. మాట ఎస్తోనియన్‌లోనూ ఉందేమో వెతుకు. ‘కుల్త’కు అక్కడ ‘కుల్ద్’, రొట్టె ‘లెయ్‌పా’కు ‘లెయ్బ్’ దొరుకుతాయి. రెండు చోట్లా తగిన మార్పులతో కనిపిస్తే పాత అరువు అయ్యే అవకాశం ఎక్కువ. ఫిన్నిష్‌లోనే ఉంటే స్వీడిష్‌ను ముందు అనుమానించు, 1809 దాకా ఆ దేశం స్వీడన్ ఏలుబడిలోనే ఉంది. ఎస్తోనియన్‌లోనే ఉంటే జర్మన్‌ను చూడు. 13వ శతాబ్దం నుంచి అక్కడి భూస్వాములూ పట్టణ వర్తకులూ ఎక్కువగా జర్మన్లే. అయితే ‘కుర్చీ’ని రెండు భాషలూ విడివిడిగా తెచ్చుకున్నాయి. ఎస్తోనియన్ ‘తోల్’ ఉత్తర జర్మనీ మాండలికం నుంచి వచ్చింది. ఇలాంటి జంటలు నిన్ను తప్పుదారి పట్టిస్తాయి.

అర్థం దగ్గరే అందరూ జారిపడేది. ధ్వనులు కుదిరాక అర్థాన్ని లాక్కొచ్చి అతికించకూడదు, నడిచి వచ్చిన దారి చూపాలి. ‘సైరస్’ అంటే జబ్బుపడిన మనిషి, మూలం ‘సైరజ్’, నొప్పి ఉన్న అని. ఇంగ్లిష్‌లో అది సోర్ అయి నొప్పి దగ్గరే ఆగింది. జర్మన్ ‘జేర్’ మాత్రం నొప్పి పుట్టేంతగా అనే అర్థం నుంచి జారి ఇవాళ ‘చాలా’ అయి కూర్చుంది. ‘రహ’ అంటే డబ్బు. మూలంలో జంతు చర్మం. ఉడుత చర్మాలతో బేరాలు, పన్నులు నడిచిన దేశం కనుక ఆ దారి నమ్మదగినదే. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘ఐతి’, అమ్మ. అంతరించిపోయిన పాత జర్మానిక్ భాష గోథిక్‌లో ‘ఐథీ’. సొంత మాట ‘ఎమో’ ఉండగా అమ్మనే అరువు తెచ్చుకున్నారు. కాబట్టి ‘ఇంటి మాటలు అరువు రావు’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకు.

ఉచ్చులు కొన్ని. ‘అస్’ తోక ఉన్నదల్లా జర్మానిక్ కాదు. నోట్లోని పంటికి వాళ్లు అనే ‘హమ్మస్’ బాల్టిక్ భాషల వైపు నుంచి వచ్చింది, లిథువేనియన్ ‘జంబస్’తో పోల్చు. తిరగేసి, తోక లేనిదల్లా కొత్తదీ కాదు. ‘లెయ్‌పా’ మూలం ‘హ్లైబజ్’, ఇంగ్లిష్ లోఫ్ అదే, అయినా తోక రాలేదు. ‘య’ అంటే ఫిన్నిష్‌లో ‘మరియు’. స్వీడిష్ ‘యా’ (అవును)తో కలిపేయకు, అది గోథిక్ ‘యహ్’ (మరియు) వైపు మాట. ‘హల్లితుస్’ ఫిన్నిష్‌లో ప్రభుత్వం, ఎస్తోనియన్‌లో బూజు! నవ్వుకో గానీ వాటి మీద సిద్ధాంతం కట్టకు. అరువు ఎదురు కూడా నడుస్తుంది. స్వీడిష్ ‘పొయ్‌కె’ (అబ్బాయి) ఫిన్నిష్ ‘పొయ్‌క’ నుంచి వెళ్లినదే.

మనవాళ్లు ‘సత’ (నూరు), ‘వసర’ (సుత్తి) చూడగానే శతం, వజ్రం అని గంతులేస్తారు. ఆ పోలిక నిజమే. కానీ అవి మన సంస్కృతం నుంచి పోలేదు, అంతకు ముందటి ఇండో-ఇరానియన్ జనం నుంచి ఫిన్నిష్ పూర్వ భాషలోకి చేరాయి.

నోటుబుక్కులో ఒక్కో మాటకు ఒక్కో పేజీ ఇవ్వు. మూల రూపం, షష్ఠి, ఎస్తోనియన్ జోడీ, ఊహించిన మూలం, ప్రతి ధ్వనికీ బదులు ఏది వచ్చిందో, ఆఖర్న అర్థం. ఏ ధ్వనికైనా బదులు చూపలేకపోతే ఆ గడి ఖాళీగా ఉంచు, కల్పించి నింపకు. ఊహించిన రూపానికి ముందు నక్షత్రం గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు ఉంటే ‘రాతలో దొరకలేదు, లెక్క కట్టి చెప్పినది’ అని అర్థం. అది లేకుండా రాస్తే నీ పేజీ చదివినవాళ్లు దాన్ని దొరికిన మాట అనుకుంటారు. పైన నేను రాసిన ‘స్త్రాండో’, ‘లంబజ్’ లాంటి పాత జర్మానిక్ రూపాలన్నీ అలా లెక్క కట్టినవే, ఈ ఉత్తరంలో గుర్తు వదిలేశాను. నువ్వు వదలకు.

‘రికస్’ (ధనవంతుడు), ‘సైప్పువ’ (సబ్బు), ‘పెంక్కి’ (బెంచీ) – ఈ మూడూ నిఘంటువు తెరవకుండా చేసి పంపు. ఏది పాతది, ఏది కొత్తది అన్నది మొదటి వరుసలోనే రాయి.

మీ పెదనాన్న